లక్క పళ్ళెములలోని గొంతులు

దసరాకు ముందు ఇల్లు దులుపు దినములలో అటకమీదినుండి దిగెడి వస్తువులలో గ్రామఫోను రికార్డుల పెట్టె ఒకటి. ఇత్తడి బిందెలకును, తాతలనాటి ఊయలబల్లకును గల గౌరవము దానికి లేదు. మూత తీయగానే పాత కాగితపు వాసన గుప్పుమనును. పైనున్న సంచులను ఎలుకలు కొరికియుండును. అడుగున చెదపుట్ట మన్ను కనబడును. నడుమ మాత్రము నల్లని పళ్ళెములు నిండుగ పేర్చియుండును. పిల్లలు వానిని చూచి ఇవి దేనికని అడుగుదురు. పెద్దవారొకరు పైదానిని చేతికి తీసికొని, నడుమ చీటీమీది పేరు చదివి, కొంతసేపు మాటాడక ఊరకుండి, మరల పెట్టెలోనే పెట్టుదురు. ఆ మరుసటి యేట పాతసామానుల బండి వీధిలోనికి వచ్చినపుడు ఆ పెట్టె తూకమునకు పోవును. నూరు రికార్డులు 20 కిలోలకు పైబడి తూగును గనుక కొనువాడును ఏమియు నష్టపోడు.

ఇట్లు పోయినది ఏమియో తూచినవానికిని తెలియదు, అమ్మినవారికిని తెలియదు. పుస్తకమొకటి చెదలపాలైనచో మరియొక ప్రతి ఏదో గ్రంథాలయమున దొరకునను ఆశ కలదు. తెలుగునాట 1940కి పూర్వము అమ్ముడైన రికార్డుల విషయమున ఆ ఆశ చాల స్వల్పము. వానిని అచ్చువేసిన లోహపు దిమ్మెలు పెక్కు కాలక్రమమున కరిగిపోయినవి. కంపెనీలే అనేకము మూతపడినవి. కొన్ని పద్యములకు, కొందరు గాయకుల గొంతులకు మిగిలియున్న సాక్ష్యము ఎవరి యింటి అటకమీదనో ఉన్న ఆ ఒక్క ప్రతియే కావచ్చును. ఆ సంగతి తెలియకయే దానిని తూకమునకు వేయుచున్నారు.

ఆ నల్లని పళ్ళెము దేనితో చేసినదో తెలిసికొనినగాని దానిని కాపాడు మార్గము బోధపడదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతరికార్డు లక్కతో చేసినది. మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై ఒక చిన్నపురుగు స్రవించెడి జిగురే లక్క. ఛోటానాగపూరు అడవులు దానికి పుట్టినిల్లు. పాండవులను దహింపవలెనని దుర్యోధనుడు కట్టించిన యిల్లు ఈ లక్కతోడిదే. ఆడువారి గాజులకును, వడ్రంగుల మెరుగునకును, రిజిష్టరు ఉత్తరముల ముద్రలకును వచ్చినది ఇదియే. రికార్డులో లక్క కంటె మెత్తని రాతిపొడి పాలే ఎక్కువ. దానికి నలుపు కొరకు మసియు, పట్టు కొరకు దూది నూగును చేర్చి, వేడిచేసి, అచ్చులనడుమ నొక్కుదురు. మన అడవులలోని పురుగు లేనిచో కరూసో గొంతు అమెరికా గృహములలో వినబడియుండదు. 1942లో యుద్ధము వలన లక్క రవాణా తగ్గిపోగా, రికార్డుల తయారీకి వాడెడి లక్కను నూటికి 70 వంతులు తగ్గించవలసినదని అమెరికా ప్రభుత్వము ఉత్తరువు చేసెను. పాతరికార్డులు తెచ్చి యిచ్చినవారికే క్రొత్తవి అమ్మిన దుకాణములు కూడ ఆ కాలమున నుండెను.

రాతిపొడి ఎందులకనగా, ముల్లును అరుగదీయుటకు. ఇది వినుటకు వింతగా నుండును. పూర్వపు గ్రామఫోనులో పాటను చదువునది ఉక్కుముల్లు. దానిపై నూరు గ్రాములకు మించిన బరువు ఆనుచుండెను. క్రొత్తముల్లు గాడిలో దిగిన తొలి చుట్లలోనే రాతిపొడి దాని మొనను అరుగదీసి, గాడి ఆకారమునకు సరిపడునట్లు చేయును. పాట ముగియుసరికి ముల్లు మొన చదునై, అంచులు ఉలివలె పదునెక్కును. అందుచేతనే ప్రతి ప్రక్కకు ఒక క్రొత్తముల్లు వేయుడని కంపెనీలవారు రికార్డు సంచులపై ముద్రించిరి. కుక్కబొమ్మ డబ్బీలలో 200 ముళ్ళ చొప్పున పోసి అమ్మిరి. మనవారు దీనిని కంపెనీల వ్యాపారపుటెత్తుగా భావించిరి. ఒక ముల్లుతో పది పాటలు వినుట గృహస్థుని పొదుపనిపించుకొన్నది. ఆ ముల్లునే రాతిపై నూరి మరల వాడినవారును కలరు. నేడు అటకలపై దొరకు రికార్డులలో ఇంటిల్లిపాదికిని ప్రీతిపాత్రమైన పాటయే అన్నిటికంటె ఎక్కువగ బొంగురుపోయి యుండుటకు కారణమిదియే. గాడులు నల్లగ నిగనిగలాడుటకు మారు బూడిదరంగు తిరిగినచో ముల్లు ఆ దారిని ఉలివలె చెక్కినదని గ్రహింపవచ్చును. ఎవరికిని నచ్చని రికార్డు మాత్రము కొత్తదానివలె మెరయుచుండును. సేకరణలు చేయువారికి ఇది నిత్యానుభవము.

ఎమిలి బెర్లినరు 1887లో ఈ చదునైన పళ్ళెపు యంత్రమునకు హక్కుపత్రము కోరెను. ఫ్రెడ్ గైస్‌బర్గు అను ఆయన 1902 నవంబరులో కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ గానమును మైనముపై ఎక్కించుకొని పోయెను. పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషున చెప్పును. ఆ పళ్ళెములు జర్మనీలోని హనోవరు పట్టణమున అచ్చుపడెడివి. భాష తెలియని అచ్చటి పనివారికి చీటీపై ఏ పేరు వేయవలయునో తెలియుటకే ఆ ప్రకటన. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట మన పాటలు మన దేశముననే అచ్చగుట ప్రారంభమయ్యెను. ఆ పిమ్మట డమ్‌డమ్ కర్మాగారము వచ్చెను.

తెలుగువారికి గ్రామఫోను ముఖ్యముగా నాటకమును ఇంటికి తెచ్చిన యంత్రము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములు, హరిశ్చంద్ర కాటిసీను, చింతామణి పాటలు నాటకము చూడని పల్లెలకు పెట్టెలోనే చేరినవి. కపిలవాయి రామనాథశాస్త్రి చిన్నవయసుననే గతించెను. ఆయన పద్యపఠనమును గురించి నేడు చెప్పుకొనుచున్నదంతయు రికార్డుల చలువయే. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ నడకను చూచినవారు నేడు అరుదు, కాని ఆ పాటలోని విరుపులు పళ్ళెముమీద నిలిచియున్నవి. ద్వారం వేంకటస్వామినాయుడు కమాను, టంగుటూరి సూర్యకుమారి పాడిన మా తెలుగుతల్లి గీతము, కరుణశ్రీ పుష్పవిలాపమునకు ఘంటసాల కూర్చిన విషాదము — ఇవన్నియు మొదట ఈ లక్కపైననే తెలుగు ఇండ్లకు వచ్చినవి.

రంగస్థలముపై ఒక పద్యమునకు రాగము తీసి తీసి పావుగంట నిలుపు నటుడు పదియంగుళముల పళ్ళెమునకు వచ్చుసరికి మూడు నిమిషములలో ముగింపవలసి వచ్చెను. కొందరు చివర రాగమును ఉన్నపళముగ తెంచినట్లు వినబడుటకు కారణము అపస్వరభయము కాదు, గాడి అయిపోవుటయే. ఈ నిర్బంధము వలన నష్టమే కలిగినదనుట సరికాదు. సాగదీతకు తావులేక, పద్యము తన భావముతో సూటిగ నిలిచిన రికార్డులే మంచివి. ఇక వన్స్‌మోరు విషయమన్ననో, ముల్లును వెనుకకు జరిపినంత మాత్రమున ఎన్నిమారులైనను లభించెడిది. రికార్డులు అరిగినదియు అందువలననే.

లక్కరికార్డును శుభ్రముచేయుటలో తరచుగ జరుగు ప్రమాదమొకటి కలదు. గాజుపలకలు, కళ్ళజోళ్ళు తుడుచునట్లు స్పిరిటుతో తుడుతురు. వడ్రంగి లక్కను స్పిరిటులోనే కరిగించి బల్లలకు మెరుగుపెట్టునను సంగతి ఆ క్షణమున ఎవరికిని తోచదు. రెండు తుడుపులతో దుమ్ముతోపాటు పాటయు గుడ్డకంటుకొని వచ్చును. లక్కకు స్పిరిటు తగదు. స్పిరిటు కలసిన ఏ ద్రవమును తగదు. మొదట మెత్తని కుంచెతో గాడి వెంట, అనగా గుండ్రముగ, దుమ్ము తీయవలెను, అడ్డముగ తుడువరాదు. మురికి అప్పటికిని వదలనిచో, బ్యాటరీలలో పోయు శుద్ధజలములో సబ్బుద్రవము ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తని గుడ్డను తడిపి పిండి, చీటీకి తడి తగులకుండ తుడిచి, వట్టి శుద్ధజలముతో మరియొకమారు తుడిచి, వెంటనే నీడను ఆరబెట్టవలెను. నానవేయుట కూడదు. లోపలి దూదినూగు నీటిని పీల్చుకొనును. కొన్ని కంపెనీల రికార్డులలో పైపొరల నడుమ కాగితమే కలదు. అంచున పగులున్నచో నీరు దానిలోనికి పోయి పళ్ళెము ఉబ్బును. కుళాయినీరు వాడరాదు. ఉప్పునీటి బావులున్న ఊళ్ళలో ఈ మాట మరింత గట్టిగ చెప్పవలెను, ఏలననగా నీరారిన పిదప గాడులలో మిగిలెడి తెల్లని ఉప్పు దుమ్ముకంటె గట్టిది.

కోస్తాజిల్లాలలో మరొక శత్రువు బూజు. బందరు, కాకినాడ వంటి పట్టణములలో వానకారున గోడలే చెమ్మగిల్లును. అట్టసంచిలోని జిగురును తిని పెరిగిన బూజు పళ్ళెముపైకి పాకి, లక్కలో సన్నని గుంటలు చేయును. అట్టి సంచులపై ప్రేమ పెంచుకొనక, చిత్రము, వ్రాతలు గలవానిని ఆరబెట్టి వేరుగ దాచి, పళ్ళెములను ఆమ్లము లేని క్రొత్తకాగితపు సంచులలోనికి మార్చుట మేలు. రాయలసీమలోను, పల్నాటను బాధ వేరు. రెంటచింతల ఎండలో పెంకుటింటి అటక పొయ్యివలె కాగును. అటక యన్నది రికార్డులు దాచవలసిన చోటే కాదు. ఇంటి నడిమిగదిలో, బయటిగోడకు దూరముగ, నేలకు జానెడెత్తున నున్న ఇనుప బీరువా వానికి తగినది. పరదేశపు భాండాగారములవారు 20 డిగ్రీలకు లోపు వేడిని, నూటికి 40 ప్రాంతపు తేమను కోరుదురు. అట్టి గది తెలుగుదేశపు గృహస్థునకు లభించునది కాదు, లభింపలేదని దుఃఖింప పనియు లేదు. ఏడాది పొడుగునను ఒకే తీరుగ నుండుట ముఖ్యము. పగలు శీతలయంత్రము నడపి రాత్రి ఆపు గది కంటె, మట్టిగోడల చల్లని గది నయము.

రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చరాదు. నిలువుగ, పుస్తకములవలె నిలుపవలెను; వాలనీయరాదు. వాలిన రికార్డు మెల్లగ వంగును. వంగినదానిపై ముల్లు ఎగిరిపడును. లక్కరికార్డుల వరుసలో పది పండ్రెండంగుళముల వానిని కలగలుపుట మరియొక పొరపాటు. పెద్దదాని అంచుబరువు చిన్నదాని సంచిపైపడి, తీయబోవునపుడు అంచు పెళుక్కుమనును. బీరువా అర గట్టిగ నుండవలెను, ఏలననగా వీని బరువును పుస్తకముల బరువుతో పోల్చుకొన్నవారి అరలు కూలినవి.

1948లో అమెరికా కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు ఎల్.పి.ని తెచ్చెను, దాని వెంటనే 1949లో 45 చుట్ల చిన్నపళ్ళెము వచ్చెను. ఇవి వినైలు అను ప్లాస్టిక్కు జాతివి. మన దేశమున ఇవి నిలదొక్కుకొనుటకు కొంత కాలము పట్టెను. 1960ల చివరిదాక 78లును వెలువడుచునే యుండెను. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల గతించిన తరువాత వెలువడిన భగవద్గీత ఎల్.పి. తెలుగిండ్లలో ఎందరి పూజామందిరముల ప్రక్కన నిలిచినదో చెప్పనక్కరలేదు. పసుపు, కుంకుమ, అగరుబత్తి మసి గాడులలో కూరుకొనిన ఎల్.పి.లు నేడు దొరకు ఘంటసాల గీతలే. భక్తి రికార్డుకు చేసెడి కీడును తుడుచుట కొంచెము కష్టము, కాని శుద్ధజలముతో ఓపికగ కడిగినచో చాలవరకు వచ్చును.

వినైలు పగులదు, కాని గీరుపడును, వంగును. ఎండలో నిలిపిన మోటారుకారు వెనుకసీటున గంటసేపు ఉంచిన ఎల్.పి. అప్పడమగును. దానికి తోడు, తుడిచినకొలది విద్యుదావేశమునంది దుమ్మును తనవైపు లాగుకొనును. అందుచే వట్టిగుడ్డతో రుద్దుట కంటె ఊరకుండుట మేలు. దుమ్ము పడకుండ మెరయుచుండునని దళసరి పి.వి.సి. తొడుగులు వేయుట కొందరికి అలవాటు. ఆ తొడుగులలోని మెత్తదనము కొరకు కలిపిన నూనెలు కొన్నేండ్లకు బయటికి వచ్చి రికార్డుపై మంచువలె మాయని పొర కట్టును. పలుచని పాలిథీను సంచి చౌకయే గాక నిరపాయకరము కూడ.

ముల్లును గురించి వినైలు విషయమున మరల చెప్పవలెను. 78 గాడికి అంగుళములో వెయ్యింట మూడువంతుల గుండ్రనిమొన తగును; ఎల్.పి. గాడికి వెయ్యింట ఒకవంతు, అంతకంటె సన్నము. ఒకదాని ముల్లుతో మరియొకటి వినరాదు. సన్నముల్లు 78 గాడి అడుగున దుమ్ములో ఈదులాడి గరగరమనును, లావుముల్లు ఎల్.పి. గాడి అంచులను చెక్కును. ఎల్.పి.పై ముల్లు ఆనవలసిన బరువు నేటి మంచియంత్రములలో రెండు గ్రాముల ప్రాంతము. అలంకారము కొరకు బాకాగ్రామఫోను కొని, దానిపై తాతగారి 78లను మరల మరల వేసి అతిథులకు వినిపించువారు ఈ లెక్కను ఒకమారు తలచుకొనవలసియున్నది: అచ్చట ఆనునది నూరు గ్రాములకు పైమాట. ఇక ఎల్.పి.ని అట్టి పెట్టెపై పెట్టుట యనగా మొదటిసారియే దానిని కడతేర్చుట.

అయినచో వినకుండ దాచుటయా? అది కృపణుని ధనము వంటిది. తేలికైన చేతియు, తగిన ముల్లును గల విద్యుద్యంత్రమున ఒక్కమారు జాగ్రత్తగ నడపి, ఆ ధ్వనిని అంకెలరూపమున ఎక్కించుకొని, ఆ మీదట నకలును విని, మూలమును విశ్రాంతిగ నుంచుట నేటి పద్ధతి. ఇందులో రెండు చిక్కులు కలవు. మొదటిది వేగము. 78 అని పేరేగాని 1920లకు ముందటి రికార్డులు కొన్ని 74 చుట్లకును, కొన్ని 80కిని ఎక్కించినవి. 74కు ఎక్కినదానిని 78తో నడపినచో శ్రుతి ఇంచుమించు ఒక స్వరస్థానము పైకి పోవును. మగగొంతు సన్నగిల్లును, తాళము పరుగెత్తును. పూర్వపు గాయకులందరును అంత హెచ్చుశ్రుతిలో పాడిరని నేడు కొందరు ఆశ్చర్యపడుచున్నారు. ఆ ఆశ్చర్యములో కొంత భాగము మోటారుకు చెందినది. హార్మోనియము తోడున్న రికార్డులలో దాని శ్రుతిని పట్టి వేగము సరిచూచుకొను వీలు కలదు.

రెండవ చిక్కు గరగరశబ్దము. దానిని తీసివేయు సాధనములు నేడు చౌకగ దొరకుచున్నవి. అతిగ వాడినచో గరగరతోపాటు సకారములు, కమాను రాపిడి, గాయకుని ఊపిరి కూడ పోయి, నీటిలో మునిగి పాడినట్లుండును. అందుచే ఎక్కించినది ఎక్కించినట్లు ఒక నకలు ఏ మార్పును లేక దాచి, శుభ్రపరచినదానిని వేరుగ నుంచవలెను. శుభ్రపరచు విద్య ఏటేట మెరుగుపడును. నేడు పోగొట్టినది రేపు రాదు.

చీటీమీది అక్షరములును ముఖ్యమే. పాడినవారు, నాటకము, రాగము, కంపెనీ సంఖ్య అచ్చట నుండును. చీటీకిని పాటకును నడుమ నున్న నునుపైన వలయములో చిన్న అంకెలు చెక్కియుండును. అవి అచ్చుదిమ్మె సంఖ్యలు. వానిని బట్టియే ఏ పూట ఏ గాయకుడు వరుసగ ఏమి పాడెనో, ఒకే పాటకు రెండు ఎక్కింపులు కలవో లేవో పరిశోధకులు తేల్చుదురు. మద్రాసులో స్థిరపడి వేలకొలది 78లను ప్రోగుచేసిన వి.ఎ.కె. రంగారావు గారి వ్రాతలలోని బలమంతయు ఈ వివరములను విడువక పట్టుకొనుటలోనే కలదు. పెట్టె వారసునకు అప్పగించు గృహస్థుడు ఒక నోటుపుస్తకమున ఈ సంఖ్యలను, ఆ రికార్డు ఎవరు ఎప్పుడు కొన్నారో ఆ సంగతిని వ్రాసియుంచుట ఒక ఆదివారపు పని. చీటీపై సిరాతో ఏమియు వ్రాయకుండుట అంతకంటె సులభము.

చివరకు పగిలిన రికార్డులు. వీనిని పారవేయుట రివాజు. జిగురుతో అతికించుట అంతకంటె చెడ్డ రివాజు. జిగురు గాడిలోనికి పాకి ఆరును. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబరు మొదలగు శాస్త్రజ్ఞులు ముల్లు తగులనక్కరలేకుండ, గాడులను సూక్ష్మచిత్రములుగ తీసి, ఆ చిత్రములనుండి ధ్వనిని లెక్కగట్టు విధానమును సాధించిరి. ఫ్రెంచివాడైన స్కాట్ 1860లో మసికాగితముపై గీసిన ధ్వనిరేఖలు వారి చేతిమీదుగ 2008లో తొలిసారి వినబడినవి. ముక్కలైన పళ్ళెమును కూడ ఈ మార్గమున చదువవచ్చును. ముక్కలన్నియు ఉన్నచో చాలును. అందుచే పగిలిన రికార్డును, చిన్నపెంకు సైతము విడువక ఏరి, అంచులు ఒకదానికొకటి రాసికొనకుండ మెత్తని కాగితములో వేరువేరుగ చుట్టి, రెండు అట్టల నడుమ పరుండబెట్టి, పైన ఎవరి పద్యమో పెన్సిలుతో వ్రాసి, బీరువా పైయరలో ఉంచుదురు. దానిమీద మరేమియు పెట్టరు.